టీజీఏ అన్నారు, పుట్టగానే స్విచ్ ఆపరేషన్ అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి

రాజంపేట_మామయ్య

అందరికీ నమస్కారం. మా చెల్లికి తొలి కాన్పు, ఏడో నెల నడుస్తోంది. బావ కువైట్‌లో ఉంటాడు కాబట్టి ఆసుపత్రుల చుట్టూ తిరిగేది నేనే. ఐదో నెల టిఫా స్కాన్‌లో (బిడ్డ అవయవాలన్నీ చూసేది) గుండె నాలుగు గదులూ బాగున్నాయని రాశారు. మొన్న గ్రోత్ స్కాన్‌లో డాక్టరమ్మకి ఏదో అనుమానం వచ్చి తిరుపతిలో ఫీటల్ ఎకో, అంటే కడుపులో బిడ్డ గుండెకి చేసే స్కాన్, చేయించమంది. రిపోర్టులో 'డి-టీజీఏ, వీఎస్‌డీ లేదు' అని ఉంది. గుండెలోంచి బయల్దేరే రెండు పెద్ద నాళాలు తారుమారయ్యాయట, అదే టీజీఏ. వీఎస్‌డీ అంటే కింది గదుల మధ్య రంధ్రం, అది లేదట. పుట్టిన రెండు మూడు వారాల్లోపు ఓపెన్ హార్ట్ సర్జరీ చెయ్యాలి, దాన్ని ఆర్టీరియల్ స్విచ్ అంటారు అని చెప్పారు.

మూడు కిలోల బిడ్డకి గుండె ఆపి ఆపరేషనా అని ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు. చెల్లి అత్తగారేమో గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకున్నావు, అందుకే ఇలా అయిందని సాధిస్తోంది. కాస్త పెద్దయ్యాక చేయించకూడదా? కాన్పు ఇక్కడే చేయించి తర్వాత తీసుకెళ్తే సరిపోదా? ఖర్చు ఎంత? అసలు ఈ ఆపరేషన్ అయిన పిల్లలు బతికి బట్టకడతారా? గూగుల్‌లో చూసినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

కరీంనగర్_నాన్న

తమ్ముడూ, మా వాడికి ఇదే జబ్బు, ఇదే ఆపరేషన్. ఇప్పుడు రెండో తరగతి. నిన్న ప్రహరీ గోడ దూకి మోచెయ్యి గీరుకుని వచ్చాడు. బతికి బట్టకడతారా అన్నదానికి ఇదే నా జవాబు.

మాకు డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది ఇది. మామూలుగా ఒళ్ళంతా తిరిగొచ్చిన చెడు రక్తం గుండె కుడి వైపు నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ ఆక్సిజన్ పట్టుకుని ఎడమ వైపుకి వచ్చి, అయోర్టాలోంచి మళ్ళీ ఒంట్లోకి పోతుంది. టీజీఏలో అయోర్టా కుడి గదిలోంచి, ఊపిరితిత్తులకు పోయే నాళం ఎడమ గదిలోంచి బయల్దేరుతాయి. దాంతో చెడు రక్తం మళ్ళీ ఒంట్లోకే, మంచి రక్తం మళ్ళీ ఊపిరితిత్తులకే. రెండు సిటీ బస్సులు ఎవరి రూట్లో అవి గుండ్రంగా తిరుగుతున్నట్టు అనుకో, దిగి మారడానికి ఉమ్మడి స్టాప్ లేదు. పుట్టిన కొత్తలో పై గదుల మధ్య ఉండే చిన్న దారి, డక్టస్ అనే ఇంకో నాళం, ఈ రెండే ఆ స్టాపులు. కడుపులో తల్లి నుంచి ఆక్సిజన్ వస్తుంది కాబట్టి బిడ్డకి ఏ ఇబ్బందీ ఉండదు. పుట్టాక ఆ రెండూ మూసుకుపోవడం మొదలవుతుంది, అప్పుడే అసలు గొడవ.

మాకు ముందు తెలియదు. పుట్టిన రెండో రోజు మా అమ్మ స్నానం చేయిస్తూ "వీడి గోర్లు నేరేడు పండు రంగులో ఉన్నయేందిరా" అన్నది. పాలు తాగుతున్నాడు, ఏడుస్తున్నాడు, మాకేం తోచలేదు. ఆక్సిజన్ పెట్టినా వేలికి తగిలించిన మిషన్‌లో ఆక్సిజన్ 60 శాతం దాటలేదు. ఆ రాత్రే అంబులెన్స్‌లో హైదరాబాద్. మీకు ఇప్పుడే తెలిసింది, ఆ పరుగు మీకు తప్పుతుంది. ఇది చిన్న అదృష్టం కాదు.

ఐసీయూ_సిస్టర్, హైదరాబాద్

అన్నా, కాన్పు రాజంపేటలో వద్దు. చిన్నపిల్లల గుండె ఆపరేషన్లు చేసే చోటుకి అదే ఆవరణలోనో, పక్క వీధిలోనో ప్రసవం జరిగేలా చూసుకోండి. కారణం చెబుతాను.

డక్టస్ మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్ అనే మందు సిరంజి పంపులో గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నడుపుతాం. అది ఒంట్లో నిమిషాల్లో కరిగిపోతుంది. లైన్ ఊడిందంటే పని ఆగినట్టే. అందుకే నేను ఎప్పుడూ రెండు ఐవీ లైన్లు పెట్టనిదే బిడ్డని కదలనివ్వను. దానివల్ల కొందరు పిల్లలు ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు, జ్వరం వస్తుంది. ఇది తెలియని అంబులెన్స్ సిబ్బందితో నూట యాభై కిలోమీటర్లు వస్తే ఏమవుతుందో మా దగ్గర చాలాసార్లు చూశాం. ఆ మందు ఫ్రిజ్‌లో ఉంచాల్సినది, చిన్న ఊళ్ళలో దొరకడమూ కష్టమే.

ఇంకోటి, ఆ మందు ఒక్కటే చాలదు. మీ వాళ్ళకి వీఎస్‌డీ లేదు కాబట్టి రక్తం కలవడం ఎక్కువగా పై గదుల మధ్య దారి మీదే ఆధారపడుతుంది. అది మరీ ఇరుకుగా ఉంటే పుట్టిన గంటల్లోనే బెలూన్ సెప్టోస్టమీ చెయ్యాలి. తొడ సిర లోంచో, బొడ్డు సిర లోంచో సన్నటి గొట్టం పంపి, కొసన ఉన్న బెలూన్ ఉబ్బించి, ఎకోలో చూస్తూ ఒక్క ఊపులో లాగుతారు. ఆ దారి చిరిగి పెద్దదవుతుంది. 55లో ఉన్న శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) కళ్ళ ముందే 75, 80కి ఎక్కుతుంది. ఐసీయూ మంచం దగ్గరే అయిపోతుంది. బొడ్డు ఎండనివ్వకుండా తడి గాజుగుడ్డ కప్పి ఉంచమని కాన్పు గదిలో ముందే చెప్పి పెట్టండి, ఆ దారి మాకు పనికొస్తుంది.

సిజేరియన్ తప్పనిసరి కాదు. తొందరపడి ఎనిమిదో నెలలో తీయించకండి. తేదీ నిండిన బిడ్డ ఆపరేషన్‌ని బాగా తట్టుకుంటుంది.

విజయనగరం_అమ్మ

మా పాపకి టెట్రాలజీ. దాన్నీ నీలి జబ్బే అన్నారు. కానీ మాకు పది నెలలు ఆగి బరువు పెరిగాక చేశారు. వీళ్ళకి ఇంత తొందర ఎందుకు? పెద్దయితే తట్టుకునే శక్తి వస్తుంది కదా? అనుమానంతో అడగడం లేదండీ, నిజంగా తెలియకే అడుగుతున్నా.

ఖమ్మం_పిల్లల_డాక్టర్

మంచి ప్రశ్న అమ్మా. రాజంపేట నుంచి అడిగిన మొదటి ప్రశ్నకీ జవాబు ఇందులోనే ఉంది.

టెట్రాలజీలో నాళాలు వాటి గదులకే ఉంటాయి. ఊపిరితిత్తుల దారి ఇరుకు, మధ్యలో రంధ్రం. బిడ్డ ఉన్నట్టుండి నీలమైపోయే నీలి స్పెల్స్ రాకుండా చూసుకోగలిగితే కొన్ని నెలలు ఆగవచ్చు. టీజీఏలో ఆగడానికి వీల్లేకపోవడానికి నీలం ఒక్కటే కారణం కాదు. ఎడమ గది కండరం అసలు కారణం.

ఒళ్ళంతా రక్తం తోయాల్సింది ఎడమ గది. టీజీఏలో అది ఊపిరితిత్తులకి తోస్తోంది. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి దానికి పని ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ ఒత్తిడి పడిపోతుంది, పని తగ్గిన కండరం పలచబడిపోతుంది. ఆరేడు వారాలు దాటాక నాళాలు మార్చి 'ఇక నువ్వు ఒళ్ళంతా తోయి' అంటే చాలా గుండెలు చెయ్యలేవు, ఆపరేషన్ టేబుల్ మీదే మొరాయిస్తాయి. అందుకే వీఎస్‌డీ లేని బిడ్డకి మొదటి రెండు మూడు వారాలే మేలైన సమయం. పెద్ద వీఎస్‌డీ ఉంటే ఎడమ గదిలో ఒత్తిడి నిలబడుతుంది, కొంచెం వ్యవధి దొరుకుతుంది. అయితే వాళ్ళకి ఊపిరితిత్తుల నాళాలు పాడయ్యే ప్రమాదం వేరే ఉంది, రెండు మూడు నెలలకి మించి జరపకూడదు.

ఆపరేషన్ లేకపోతే ఏమవుతుందో కూడా దాచను. పాత లెక్కల ప్రకారం మొదటి వారంలో నూటికి ముప్ఫై మంది, నెల తిరిగేసరికి సగం మంది, ఏడాదిలో తొంభై మంది పోయేవారు. ఇప్పుడు చేయి తిరిగిన సెంటర్లలో వేళకి ఆపరేషన్ అయితే నూటికి తొంభై అయిదుకి పైగా ఇంటికి వెళ్తున్నారు. వైద్యంలో ఇంత తేడా చూపించిన ఆపరేషన్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

గ్రహణం సంగతి. గుండె గోడలు, పెద్ద నాళాలు విడిపడి కుదురుకునేది గర్భం నిలిచిన అయిదో వారం నుంచి ఎనిమిదో వారం లోపే. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. కత్తిపీటకి దానికీ సంబంధం లేదు. తల్లికి ముందునుంచీ షుగర్ ఉంటే అవకాశం కొంత పెరుగుతుంది. ఎక్కువ కేసుల్లో కారణం దొరకదు. ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో రెట్టింపుకి పైగా కనిపిస్తుంది. అత్తగారికి నా మాటగా చెప్పండి, ఆ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు.

టిఫాలో ఎందుకు దొరకలేదని రేపు ఎవరో అడుగుతారు. నాలుగు గదులు చూసే కోణంలో ఈ గుండె మామూలుగానే కనిపిస్తుంది. గదుల్లోంచి బయటికొచ్చే నాళాల దాకా ప్రోబ్ తిప్పి, అవి ఒకదాన్నొకటి దాటుతున్నాయా, పక్కపక్కనే సాగుతున్నాయా అని చూస్తేనే పట్టుబడుతుంది.

బాబాయ్_1969

ఇంత భయపెట్టాలా డాక్టర్ గారూ? మా పెద్దన్నయ్యకి 52 ఏళ్ళప్పుడు ఎకోలో నాళాలు తారుమారు అని బయటపడింది. అప్పటిదాకా పొలం దున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, ముగ్గురు పిల్లలు. ఏ ఆపరేషనూ లేదు. కొందరికి దేవుడే సర్దేస్తాడు. పసిగుడ్డుని కొయ్యడానికి తొందరపడకండి.

ఖమ్మం_పిల్లల_డాక్టర్

బాబాయ్ గారూ, మీ అన్నయ్యగారిది వేరే జబ్బు. పేర్లు దగ్గరగా ఉంటాయి. దాన్ని సీసీ-టీజీఏ అంటారు. అందులో నాళాలతో పాటు కింది గదులు కూడా అటూ ఇటూ అయి ఉంటాయి. రెండు తప్పులు కలిసి రక్తం సరైన దారినే పోతుంది, అందుకే చిన్నప్పుడు నీలం ఉండదు. కాకపోతే ఒళ్ళంతా తోసే భారం కుడి గది మీద పడుతుంది, అది యాభై అరవై ఏళ్ళ వయసులో అలిసిపోవడం, గుండె కొట్టుకునే తీరు మందగించి పేస్‌మేకర్ అవసరం పడడం మామూలే. ఆయన్ని ఏడాదికోసారి ఎకో చేయించుకోమనండి. రాజంపేట బిడ్డది డి-టీజీఏ. అది దానంతట అది సర్దుకోదు. ఈ రెండిటినీ కలిపి మాట్లాడితే ఒక పసివాడి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి గట్టిగా చెబుతున్నా.

బాబాయ్_1969

సరే. అన్నయ్యకి చెబుతా.

పంప్_రూమ్, బెంగళూరు

నేను పెర్ఫ్యూజనిస్టుని. అంటే ఆపరేషన్ జరిగేటప్పుడు గుండె, ఊపిరితిత్తుల పని చేసే బైపాస్ మిషన్ నడిపేవాణ్ణి. మాది ఒంగోలు. లోపల ఏం జరుగుతుందో చెబితే కొంత భయం తగ్గుతుందని రాస్తున్నా. చూడలేననుకునేవాళ్ళు ఈ పోస్టు దాటెయ్యండి.

మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం కలిపి పావు లీటరు. నా మిషన్ గొట్టాలు నిండాలన్నా దాదాపు అంతే పడుతుంది. అందుకే దాత రక్తం కలపకుండా మొదలుపెట్టలేం. ఆపరేషన్ ముందు మిమ్మల్ని రక్తదాతల కోసం పరిగెత్తించేది ఇందుకే, ముందే ఇద్దరు ముగ్గుర్ని మాట్లాడి పెట్టుకోండి. బిడ్డ ఒళ్ళు చల్లబరుస్తాం. అయోర్టాకి క్లాంప్ వేసి, గుండెని ఆపే చల్లటి ద్రావణం పంపిస్తే తెర మీద ఈసీజీ గీత చదునుగా అయిపోతుంది. మొదటిసారి చూసిన స్టూడెంట్లకి కాళ్ళు వణుకుతాయి.

అప్పుడు సర్జన్ అయోర్టానీ, పల్మనరీ నాళాన్నీ రెండిటినీ అడ్డంగా కోస్తారు. అందరూ ఈ రెండు మార్చడమే ఆపరేషన్ అనుకుంటారు. అది తేలిక భాగం. గుండె కండరానికి రక్తం ఇచ్చే కరోనరీలు అయోర్టా మొదట్లోంచి పుడతాయి కదా. అయోర్టాని మార్చి కరోనరీలని పాత చోటే వదిలేస్తే గుండెకి చెడు రక్తమే అందుతుంది. కాబట్టి ఒక్కో కరోనరీని చుట్టూ కాస్త గోడతో సహా బొత్తాంలా కత్తిరించి తీసి, కొత్తగా అయోర్టా కాబోతున్న మొదలుకి కుట్టాలి. ఆ నాళం మందం ఒకటి, రెండు మిల్లీమీటర్లు. కుట్టే దారం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. సర్జన్ కళ్ళకి భూతద్దాలు పెట్టుకుని కుడతారు. ఇక్కడ బొత్తాం కొద్దిగా మెలి తిరిగినా, లాగినట్టు బిగిసినా క్లాంప్ తీసిన వెంటనే గుండె చెబుతుంది. గులాబీ రంగులోకి రావాల్సిన చోట నల్లబడుతుంది, ఈసీజీ మారుతుంది. మళ్ళీ విప్పి కుట్టాల్సి వస్తుంది. కుట్లు సరిగ్గా పడితే క్లాంప్ తీసిన కొద్ది నిమిషాలకే గుండె తనంతట తను కొట్టుకోవడం మొదలెడుతుంది.

మూడింట రెండొంతుల పిల్లలకి కరోనరీలు మామూలు తీరులో ఉంటాయి. మిగతావాళ్ళకి రెండూ ఒకే చోట పుట్టడం, లేదా అయోర్టా గోడ లోపల దూరి కొంత దూరం ప్రయాణించడం లాంటి చిక్కులు ఉంటాయి. పుట్టాక చేసే ఎకోలో సర్జన్ ముందుగా వెతికేది ఇదే. తర్వాత ఊపిరితిత్తుల నాళం రెండు కొమ్మలనీ అయోర్టా ముందుకి తెచ్చి కుడతారు. ఫ్రెంచ్ సర్జన్ ఈవ్ లెకాంప్ట్ 1981లో చెప్పిన పద్ధతి అది. బొత్తాలు తీసిన చోట పడ్డ గుంతలకి బిడ్డ గుండె పైపొరలోంచి ముక్క తీసి అతుకు వేస్తారు. పై గదుల రంధ్రం మూసి, డక్టస్ కట్టేసి, ఒళ్ళు వెచ్చబెట్టి నా మిషన్ మెల్లగా తగ్గిస్తాం.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి చిన్న పిట్టకథ. 1950ల్లో కెనడాలో విలియం మస్టార్డ్ నాళాలు మార్చే ప్రయత్నం చేశారు. అప్పటికి రక్తానికి ఆక్సిజన్ పట్టించే మంచి పరికరాలు లేక కోతి ఊపిరితిత్తుల్ని మిషన్‌కి తగిలించారు. పిల్లలెవరూ దక్కలేదు. బ్రెజిల్‌లో సావో పాలో నగరంలో అదీబ్ జటేనె 1975లో మొదటిసారి సాధించారు. అందుకే దీన్ని జటేనె ఆపరేషన్ అని కూడా అంటారు. ఆయన తర్వాత బ్రెజిల్ ఆరోగ్య మంత్రి కూడా అయ్యారు. నవజాత శిశువులకి తొలి రోజుల్లోనే చెయ్యాలన్న పట్టుదల 1980ల్లో బోస్టన్‌లో ఆల్డో కాస్టనేడా బృందంతో బలపడింది.

విజయనగరం_అమ్మ

ఒక్క ఊపిరితో చదివేశానండీ. చేతులు చల్లబడ్డాయి. పిల్లల కోసం ఇలాంటి పని చేసేవాళ్ళకి దండం పెట్టాలి.

పాత_సెన్నింగ్

ఇక్కడ స్విచ్ గురించే అందరూ రాస్తున్నారు. స్విచ్ రాకముందు వాళ్ళ సంగతీ ఒకటుంది కాబట్టి రాస్తున్నా. నాకు నలభై దగ్గర పడుతున్నాయి. నాదీ డి-టీజీఏనే. నేను పుట్టినప్పుడు మా అమ్మానాన్న తీసుకెళ్ళేసరికి నెలలు గడిచిపోయాయి, ఎడమ గది పలచబడిపోయిందన్నారు. నాకు సెన్నింగ్ చేశారు. స్వీడన్‌లో ఓకే సెన్నింగ్ 1958లో మొదలుపెట్టిన పద్ధతి అది. నాళాలని ముట్టుకోరు. పై గదుల లోపలే గోడలు మడిచి రక్తం దారి మళ్ళిస్తారు. మస్టార్డ్ 1963లో చేసింది కూడా అలాంటిదే. నీలం పోతుంది, బిడ్డ ఎదుగుతుంది. కానీ ఒళ్ళంతా తోసే పని జీవితాంతం కుడి గదిదే.

మాకు దాన్ని 'పూర్తిగా నయం' అని చెప్పి పంపారు. పాతికేళ్ళు ఏ డాక్టర్ దగ్గరికీ వెళ్ళలేదు. ఉద్యోగంలో ఉండగా ఒకరోజు లిఫ్ట్ ముందు కళ్ళు తిరిగి పడ్డాను. గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటోంది. ఈసీజీ చూసిన జనరల్ డాక్టర్‌కి నా గుండె బొమ్మే అర్థం కాలేదు. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులతో పెద్దయినవాళ్ళని చూసే కార్డియాలజిస్టు దొరికేదాకా చాలా తిరిగాను. ఇప్పుడు పేస్‌మేకర్ ఉంది, ఉద్యోగం చేస్తున్నా, మెట్లు నెమ్మదిగా ఎక్కుతా. రాజంపేట తమ్ముడూ, మీకు స్విచ్ దొరికే సమయం ఉంది. దాన్ని ముహూర్తాల కోసం, మేనత్త రావడం కోసం పోగొట్టుకోకండి.

కరీంనగర్_నాన్న

అన్నా, ఆలస్యమైతే ఇప్పుడు కూడా సెన్నింగే దిక్కా? మా వార్డులో నెలన్నర దాటిన పాప ఒకామె ఉండె, ఏం చేశారో తెలియలేదు.

ఖమ్మం_పిల్లల_డాక్టర్

ఇప్పుడు దారులున్నాయి. ఎకోలో ఎడమ గది గోడ మందం, మధ్య గోడ ఎటు వంగి ఉందో చూస్తారు. ఫర్వాలేదనిపిస్తే నెలన్నర, రెండు నెలలకి కూడా నేరుగా స్విచ్ చేసి, గుండె తడబడితే కొన్ని రోజులు ఎక్మో మీద, అంటే గుండె, ఊపిరితిత్తుల పని బయటి నుంచి చేసే మిషన్ మీద ఉంచుతారు. మరీ పలచబడితే ముందు ఊపిరితిత్తుల నాళానికి బ్యాండ్ బిగించి, ఎడమ గదికి కసరత్తు చేయించి, తర్వాత స్విచ్ చేస్తారు. లండన్‌లో మగ్దీ యాకూబ్ 1977లో ఈ రెండంచెల పద్ధతి మొదలుపెట్టారు. అది కుదరనివాళ్ళకి సెన్నింగ్ ఇప్పటికీ ప్రాణం నిలిపే ఆపరేషనే. మన దగ్గర పిల్లలు ఆలస్యంగా రావడం ఇంకా ఎక్కువ కాబట్టి మన సర్జన్లకి ఈ మూడూ చెయ్యాల్సి వస్తోంది. వీఎస్‌డీతో పాటు ఊపిరితిత్తుల దారి ఇరుకైనవాళ్ళకి రాస్టెల్లీ అని ఇంకో పద్ధతి ఉంది, అది మీ విషయం కాదు.

ఎడిసన్_అమ్మ, న్యూజెర్సీ

మా బాబుకి ఇక్కడే స్విచ్ జరిగింది. ముందు తెలియదు మాకు కూడా. ఇక్కడ పుట్టిన బిడ్డలందరికీ ఒక రోజు నిండాక కుడి చేతికి, కాలికి పల్స్ ఆక్సిమీటర్ పెట్టి చూస్తారు. మా వాడికి చేతిలో కన్నా కాలిలో అంకె ఎక్కువ వచ్చింది. నర్స్ మళ్ళీ పెట్టి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. మామూలుగా ఎవరికైనా చెయ్యి, కాలు దాదాపు ఒకేలా ఉంటాయి, కాలిలో ఎక్కువ ఉండడం ఈ జబ్బు గుర్తుల్లో ఒకటట.

ఇక్కడ ఎవరూ రాయని మాట ఒకటి చెబుతా. గుండె బాగైంది, చాలా సంతోషం. మాటలు మాత్రం ఆలస్యంగా వచ్చాయి. రెండున్నరేళ్ళకి కూడా "అమ్మ, పాలు" దాటలేదు. తెలుగు, ఇంగ్లీషు రెండూ వింటున్నాడు కదా అని మా అత్తయ్య కొట్టిపారేశారు. బోస్టన్‌లో 1988 నుంచి 1992 దాకా ఇదే జబ్బుకి ఆపరేషన్ అయిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. ఎక్కువమందికి తెలివితేటలు మామూలుగానే ఉన్నాయి, కానీ ఏకాగ్రత, ఒక పని వరసగా ప్లాన్ చేసుకోవడం, మాట ఇలాంటివాటిలో ఇబ్బంది మామూలు పిల్లల కన్నా ఎక్కువమందిలో కనిపించిందని మా డాక్టర్ చెప్పింది. స్పీచ్ థెరపీ పెట్టించాం. ఇప్పుడు ఆపమన్నా ఆపడు. గుండె డాక్టర్‌కి చూపించడంతో ఆగకుండా, తొమ్మిది నెలలకి, ఏడాదిన్నరకి ఎదుగుదల కూడా పరీక్ష చేయించండి.

రాజంపేట_మామయ్య

అందరికీ చేతులెత్తి దండాలు. డాక్టర్ గారు గ్రహణం గురించి రాసింది ఫోన్లో అత్తగారికి చదివి వినిపించా. "డాక్టర్లకేం తెలుసు" అన్నారు గానీ, సాయంత్రం చెల్లికి సున్నుండలు చేసి పంపారు. బావ టికెట్ చూసుకుంటున్నాడు.

ఇప్పుడు డబ్బు సంగతి. మాకు తెల్ల రేషన్ కార్డు ఉంది. ఎలా మొదలుపెట్టాలి? పెద్ద ప్రైవేటు కార్పొరేట్‌లోనే చేయించాలని మా చిన్నాన్న పట్టు పడుతున్నాడు, పొలం అమ్ముదాం అంటున్నాడు.

కరీంనగర్_నాన్న

పొలం జోలికి పోకండి. మాది ఆరోగ్యశ్రీలోనే అయింది. 2007లో మొదలైన పథకం అది, పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల ఆపరేషన్లు దాని కిందికి వస్తాయి. మీ దగ్గర ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందు ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుందో కనుక్కోండి. లేదా 104కి ఫోన్ చేసి అడగండి. పుట్టిన బిడ్డ పేరు కార్డులో ఉండదు కదా, ఆ రాత్రి అదొక పెద్ద తలనొప్పి అయింది మాకు. తల్లి కార్డు, ఆధార్, ఫీటల్ ఎకో రిపోర్టు, స్కాన్లు అన్నీ ఒక కవర్లో పెట్టుకుని, బిడ్డ పుట్టాక ఏ కాగితం కావాలో ఆరోగ్యమిత్రని ఇప్పుడే అడిగి రాయించుకోండి. పథకంలో రానివి, బయట మందులు, మీరు ఉండడానికి రూమ్, తిండి, వీటికి మాత్రం చేతిలో కొంత పెట్టుకోండి.

ఐసీయూ_సిస్టర్, హైదరాబాద్

రాజంపేటకి తిరుపతి దగ్గరే కదా. అక్కడ టీటీడీ వాళ్ళ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 అక్టోబర్ నుంచి నడుస్తోంది. ఫీటల్ ఎకో చేసిన డాక్టర్‌నే అడిగి అక్కడ ముందుగా పేరు రాయించుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో లివర్‌పూల్ ఆల్డర్ హే ఆసుపత్రి నుంచి మన తెలుగు సర్జన్ దన్నపునేని రమణ గారి బృందం వచ్చి పిల్లలకి ఉచితంగా ఆపరేషన్లు చేసి వెళ్తుంటారు, చాలా మంచి పని. కానీ మీ బిడ్డ క్యాంపు తేదీ దాకా ఆగే కేసు కాదు. పుట్టపర్తిలో కూడా గుండె ఆపరేషన్లు ఉచితమే, అయితే అప్పుడే పుట్టిన బిడ్డని తీసుకుంటారా అని ముందు ఫోన్ చేసి తెలుసుకోండి.

కార్పొరేటా, ట్రస్టా అన్నది పక్కన పెట్టండి. సర్జన్‌ని కలిసినప్పుడు నెల లోపు పిల్లలకి స్విచ్‌లు ఏడాదికి ఎన్ని చేస్తారు, ఈమధ్య చేసినవాళ్ళలో ఎంతమంది ఇంటికి వెళ్ళారు అని మొహమాటపడకుండా అడగండి. చెప్పేవాళ్ళు చెబుతారు. ఎక్మో ఉందా, రాత్రి రెండింటికి ఐసీయూలో పిల్లల గుండె చూసే డాక్టర్ ఉంటారా అన్నది నా దృష్టిలో భవనం ఎత్తు కన్నా ముఖ్యం. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా మొదటి రెండు రాత్రులు ఐసీయూ చేతుల్లోనే ఉంటాయి.

మీరు చూసి బెంబేలెత్తకుండా ఇప్పుడే చెబుతున్నా. ఆపరేషన్ అయ్యాక ఛాతీ ఎముక మూయకుండా పైన పొర కప్పి ఒకటి రెండు రోజులు ఉంచవచ్చు. వాపు తగ్గాక మూస్తారు. అది ఏదో తేడా వచ్చిందని కాదు. బిడ్డ మొహం ఉబ్బి గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. ఛాతీలోంచి డ్రెయిన్లు, మెడలో లైన్లు, ముక్కులో గొట్టం. చాలామంది తల్లులు మొదటిసారి చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు. నేను వాళ్ళని మళ్ళీ తీసుకొచ్చి బిడ్డ పాదం పట్టుకోమంటాను, అక్కడ ఏ వైరూ ఉండదు.

రాజంపేట_మామయ్య

మూడు నెలల తర్వాత వచ్చి రాస్తున్నా. బాబు. మూడు కిలోలకి కాస్త తక్కువ. తిరుపతిలోనే కాన్పు అయింది. పుట్టగానే నీలంగా ఉన్నాడు, ప్రోస్టాగ్లాండిన్ పెట్టారు, అయినా పై దారి ఇరుకని ఆ సాయంత్రమే బెలూన్ చేశారు. సిస్టర్ గారు చెప్పినట్టు అంకె ఎక్కడం తలుపు అద్దంలోంచి చూశా. రెండో వారంలో స్విచ్. కరోనరీలు మామూలు తీరులోనే ఉన్నాయన్నారు, పంప్ రూమ్ అన్న రాసింది చదివి ఉన్నా కాబట్టి ఆ ఒక్క మాటకి నా గుండె కుదుటపడింది. ఛాతీ ఒక రోజు తెరిచే ఉంచారు. చెల్లి బెదరలేదు, ముందే చెప్పి ఉంచాం.

ఇప్పుడు ఇంటికొచ్చాం. రెండు సందేహాలు. పాలు తాగుతూ మధ్యలో అలిసిపోయి నిద్రపోతున్నాడు, పర్వాలేదా? ఇంకోటి, జీవితాంతం చెకప్‌లు అన్నారు, ఇక దేని కోసం చూస్తారు?

ఐసీయూ_సిస్టర్, హైదరాబాద్

మంచి కబురు చెప్పారు అన్నా! పాలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టమనండి. బరువు వారం వారం తూచి రాసుకోండి. పాలు తాగేటప్పుడు చెమటలు కారిపోతున్నా, ఎగశ్వాస ఉన్నా, బరువు పెరగకపోయినా చెకప్ తేదీ దాకా ఆగొద్దు. చంకల్లో చేతులు వేసి ఎత్తకండి, ఆరు వారాల దాకా తల కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి పెట్టి తియ్యాలి. చూడ్డానికొచ్చే బంధువులకీ ఇది చెప్పండి, వాళ్ళే ముందు లాగేస్తారు. టీకాలు ఎప్పుడు వేయించాలో సర్జన్‌ని అడిగి డిశ్చార్జ్ కాగితం మీదే రాయించుకోండి.

ఖమ్మం_పిల్లల_డాక్టర్

చెకప్‌లో ముఖ్యంగా చూసేవి మూడు. ముందుకి లాగి కుట్టిన ఊపిరితిత్తుల కొమ్మలు ఇరుకవుతున్నాయా? అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే, చాలాసార్లు బెలూన్‌తో సరిపోతుంది. కొత్త అయోర్టా మొదలు వెడల్పవుతోందా, కవాటం లీక్ అవుతోందా? మూడోది కరోనరీలు. మార్చి కుట్టిన చోట ఇరుకైతే పిల్లలు ఛాతీ నొప్పి అని చెప్పకపోవచ్చు, అందుకే పెద్దయ్యాక ట్రెడ్‌మిల్ పరీక్ష, అవసరమైతే సీటీ చేస్తారు. పళ్ళు శుభ్రంగా ఉంచండి, పన్ను పీకించే ముందు గుండె ఆపరేషన్ అయిందని డెంటిస్టుకి చెప్పండి. ఆటలు ఆపకండి. పోటీల స్థాయికి వెళ్తే అప్పుడు కార్డియాలజిస్టుని అడుగుదురు.

పాత_సెన్నింగ్

ఆపరేషన్ నోట్స్ జిరాక్స్ తీయించి పెట్టుకో తమ్ముడూ. డిశ్చార్జ్ సమ్మరీ కాదు, ఆపరేషన్ నోట్స్. ఏ కరోనరీ ఎక్కడ కుట్టారో అందులో ఉంటుంది. నావి ఆసుపత్రి రికార్డు రూమ్‌లో దొరకలేదు, ఇప్పటికీ కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే మొదటి గంట నా గుండె గురించి నేనే వివరించాలి.

రాజంపేట_మామయ్య

రేపు డ్రెస్సింగ్‌కి తిరుపతి వెళ్తున్నాం అన్నా, రికార్డు సెక్షన్‌లో అడిగి తీసుకుంటా.